ఏ ఖలాస్?

మొన్న బుధవారం పొద్దున, తణుకులో నా స్పేర్‌పార్టుల కొట్టు షట్టరు ఎత్తుతుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఖాన్ భాయ్ దగ్గర్నుంచి. మస్కట్ శివార్లలో అల్ హైల్‌లో నేను పనిచేసిన మోటారు సైకిళ్ల వర్క్‌షాపులో ఆయన వెల్డరు. పెషావర్ వాడు, భారీ మనిషి, రెండు ఈద్‌లకి తప్ప పలకరించడు. మెసేజ్‌లో ఉన్నవి మూడే మాటలు. "ఆప్‌కా అన్న ఖలాస్." మీ అన్న ఖలాస్.

ఒమాన్‌లో ఆ మాట లేకుండా పూట గడవదు. అక్కడ ఖలాస్ అంటే అయింది, ముగిసింది అని. పని పూర్తయితే ఖలాస్. భోంచేశావా అంటే ఖలాస్. వీసా కాన్సిల్ చేయించుకుని ఇంటికి వెళ్లిపోయినా ఖలాసే. మన దగ్గర అలా కాదు. మన దగ్గర వస్తువు ఖలాస్ అంటే పాడైనట్టు. మనిషి ఖలాస్ అంటే పోయినట్టు.

ఒక్క ఫోన్ చేస్తే సంగతి తేలిపోతుంది. చెయ్యలేదు. నేను పుట్టు పిరికివాణ్ని. ఫోన్ బోర్లా పెట్టి, దాని మీద బిల్లు పుస్తకం పెట్టి, వచ్చినవాళ్లకి బ్రేకు షూలు, బల్బులు అమ్ముతూ కూర్చున్నాను. తెలియనంతసేపూ అన్న వీసా కాన్సిలై, అట్టపెట్టెకి తాడు బిగించి సొంతూరు రాయచోటి బస్సు ఎక్కుతున్నట్టే లెక్క.

ఆయన పేరు రాయడం లేదు. ఆ వర్క్‌షాపులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. మా అందరికీ అన్న. మా ఒమానీ యజమానిని మేం అర్బాబ్ అనేవాళ్లం, ఆయనకి కూడా అన్నే. 'అన్న' అనేది ఆయన పేరేనని అర్బాబ్ చాలాకాలం నమ్మాడు.

సన్నటి మనిషి. కుడిచేతి చూపుడువేలికి పై కణుపు లేదు. గల్ఫుకి వచ్చిన కొత్తలో, ఇంజను తిరుగుతుండగా బండి చైను గుడ్డతో తుడవబోయాడట. "గుడ్డ బోయింది, దాని ఎంబడే వేలు బోయింది. చైనుకు గుడ్డేది, వేలేది తెలుస్తాదా అబ్బీ?" అనేవాడు. కోపంగా కాదు, బంధువుల దుర్గుణం చెప్పినట్టు చెప్పేవాడు.

ఆ దెబ్బతో అన్న భయపడటం నేర్చుకున్నాడు. మామూలుగా మెకానిక్కులకి పదేళ్ల అనుభవం వస్తే ధైర్యం వస్తుంది. ఈయనకి భయం వచ్చింది. బండి పనికి కూర్చునే ముందు స్పార్క్ ప్లగ్గు విప్పి చొక్కా జేబులో వేసుకునేవాడు. ప్లగ్గు లేకపోతే ఇంజను ఎవరేం చేసినా స్టార్టు కాదు. నేను చేరిన కొత్తలో, "స్విచ్చు ఆపేశాంగా అన్నా, ఇంకా దేనికీ?" అన్నాను.

"స్విచ్చు ఇంగొకడు వేస్తాడు. నా జోబీలో ప్లగ్గు ఎవడు తీస్తాడు?" అన్నాడు.

ఇంజను నడుస్తుంటే చైనుకి ఎదురుగా ఎవర్నీ నిలబడనిచ్చేవాడు కాదు. అర్బాబ్‌ని కూడా భుజం పట్టుకుని పక్కకి జరిపేవాడు. చేతికి దారాలుంటే కత్తిరించుకుని రమ్మనేవాడు. మేం నవ్వితే, "భయపడేదానికే మనకు జీతమిస్తాండారనుకోండప్పా" అనేవాడు.

చైను వదులు చూడ్డానికి మధ్యలో రెండు వేళ్లు పెట్టి ఎత్తాలి. ఆయన చూపుడువేలు పొట్టి కాబట్టి ఆ చేతి కొలత ఆయనకి తెలిసేది కాదు. ఎడమచేతిని నమ్మడు. అందుకని స్పేర్‌పార్టుల కౌంటర్లో నీడపట్టున కూర్చున్న నన్ను కేకేసేవాడు. "అబ్బీ, నీ వేళ్లియ్యి!" అప్పుడే తుడిచి పెట్టిన పనిముట్లని అడిగినట్టు అడిగేవాడు. నేను కళ్లు మూసుకుని చైను కింద వేళ్లు పెట్టేవాణ్ని. మా ఆవిడ అక్కడ హాస్పిటల్లో నర్సు. వారాంతాల్లో ఇసుకతిన్నెల మీద బండ్లు తిప్పి పడి వచ్చినవాళ్ల సంగతులు అన్నం వడ్డిస్తూ చెప్పేది. కాబట్టి నా కళ్లు మూతపడటంలో వింతేమీ లేదు. అన్న జేబు మీద తట్టి ప్లగ్గు చప్పుడు వినిపించేవాడు. అది విన్నాకే నా వేళ్లు ముందుకి కదిలేవి.

రెండువేల పదిహేను శీతాకాలంలో అర్బాబ్‌కి మంచు పిచ్చి పట్టింది. ఎక్కడో చలిదేశంలో మోటారు సైకిల్‌కి వెనక చక్రం తీసేసి, యుద్ధట్యాంకుకి ఉన్నట్టు రబ్బరు పట్టా బిగించి, మంచు మీద తోలుతున్న వీడియో చూశాడు. మంచు మీద పోయేది ఇసుక మీద పోదా అన్నాడు. నెలన్నరకి ఆ కిట్టు ఓడలో పెద్ద చెక్కపెట్టెలో దిగింది. అందులో పట్టా, ఇనప చట్రం, రోలర్లు, ముందు చక్రం బదులు పెట్టే జారుడుబల్ల లాంటి పలక, ఒక పుస్తకం. పలకని అన్న చూసి పక్కన పడేశాడు, ముందు చక్రమే ఉంచాడు. పుస్తకం నా చేతికిచ్చాడు.

"నువ్వు చదివి చెప్పబ్బీ. మంచు అని రాసినచోట ఇసుక అని చదువుకో."

అలా చదివితే అర్థం మారిపోతుందని అప్పుడు నాకు తట్టలేదు. మంచు చైనుని కడుగుతుంది, చల్లబరుస్తుంది. ఇసుక కడగదు, కొరుకుతుంది. మొదటి చైను రెండు వారాలు ఆగలేదు, రెండోది కూడా అంతే.

అసలు తలనొప్పి బిగువుతో. మామూలు బండిలో చైను వదులైతే వెనక చక్రాన్ని కొంచెం వెనక్కి లాగి బిగిస్తాం. ఇందులో వెనక చక్రమే లేదు. స్టాండు మీద అన్న సరిగ్గా బిగిస్తాడు, అర్బాబ్ ఎక్కి వెనక సందులో ఒక చుట్టు తిప్పి వచ్చేసరికి చైను వీణతీగలా ఉంటుంది. వదులు చేసి పంపిస్తే పళ్లచక్రం మీంచి జారి వస్తుంది. మూడు రోజులు అన్న అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజు ఖాన్ భాయ్‌ని పిలిచి, "భాయ్, బైఠో" అన్నాడు. ఖాన్ భాయ్ ఎక్కి కూర్చున్నాడు. చట్రం కిర్రుమంది. "అబ్బీ, నీ వేళ్లియ్యి." పెట్టాను. ఖాళీ బండికి రెండు వేళ్లు పట్టిన సందులో ఇప్పుడు ఒక వేలు కూడా పట్టడం లేదు. మనిషి బరువుకి ఇంజనుకీ కిట్టుకీ మధ్య దూరం జరుగుతోందన్నమాట. బిగించే బోల్టుల దగ్గర చట్రం అరిగింది.

అన్న ఆ రోజు చిన్నపిల్లాడిలా ఆనందపడ్డాడు. అక్కడ ఖాన్ భాయ్ చేత వెల్డింగ్ పెట్టించాడు. ఆ తర్వాత బిగువు చూడాలంటే ఖాన్ భాయ్‌ని కూర్చోబెట్టడం, పట్టాని చేత్తో అంగుళం అంగుళం తిప్పడం. చైను ఒక చోట వదులుగా, ఒక చోట బిగువుగా తిరుగుతుంది. "బిగువున్న చోటనే కొలవల్ల. వదులున్న చోట కొలిచినావంటే అది నిన్ను మోసం చేస్తాది" అనేవాడు. నేను వేళ్లు పెట్టేవాణ్ని, ఖాన్ భాయ్ బండి మీద కూర్చుని టీ తాగేవాడు. అర్బాబ్ ఆరేళ్ల కూతుర్ని తీసుకొచ్చి పెట్రోల్ ట్యాంకు మీద కూర్చోబెట్టి ఫోటోలు తీసేవాడు. వాళ్లున్నంతసేపూ అన్న చెయ్యి జేబు మీంచి తీసేవాడు కాదు.

ఇంకో అలవాటు. వర్క్‌షాపులో అందరం పని అవగానే ఖలాస్ అని కేక పెట్టేవాళ్లం. అన్న ఆ మాట అనేవాడు కాదు. "మనిషి ఎక్కి పొయ్యే బండిని పట్టుకోని ఖలాస్ అంటారా ఎవరన్నా? నోరు మంచిగుండల్ల" అని విసుక్కునేవాడు. పని అయితే "నడుస్తాది" అనేవాడు. పనికిరాని సామానుకే ఆ మాట. అరిగిపోయిన బేరింగు ఖలాస్, తెగిన కేబులు ఖలాస్. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా ఆ గురువారం చేసిన పని చేశాను.

గురువారం మధ్యాహ్నం. అర్బాబ్ మర్నాడు కుటుంబంతో బిదియా ఇసుకతిన్నెలకి వెళ్తానని రెండు రోజులుగా అంటున్నాడు, ఉన్నట్టుండి ఈ సాయంత్రమే వెళ్తున్నాడట. కౌంటర్లో ఫోన్ మోగింది. "చైన్ ఖలాస్?" అని అడిగాడు. నేను రిసీవరు మీద చెయ్యి పెట్టి లోపలికి అరిచాను. "అన్నా! అర్బాబు అడుగుతున్నాడు, చైను ఖలాసా అని!"

షెడ్డు లోపల్నుంచి అన్న గొంతు వినిపించింది. "ఖలాస్‌రా అబ్బీ, ఖలాస్!"

నేను ఫోన్‌లో చెప్పాను. "ఖలాస్, అర్బాబ్."

ఆయన సంతోషించాడు. డ్రైవర్ని పంపిస్తున్నాను, స్పేరు సామాను పెట్టె కూడా ఇవ్వమన్నాడు. ఒంటిగంటకి అన్న, ఖాన్ భాయ్ వెనక రూముకి భోజనానికి వెళ్లారు. డ్రైవరు వచ్చాడు. ఇద్దరం కలిసి బండిని పికప్‌లోకి ఎక్కించాం. పెట్టె ఇచ్చాను. నా అంత చురుకైన గుమాస్తా ఒమాన్‌లో ఉండడని కూడా అనుకున్నాను.

మూడున్నరకి అన్న కళ్లు నులుముకుంటూ వచ్చాడు. ఖాళీ స్టాండు చూశాడు.

"బండేది?"

"అర్బాబు తీసుకుపోయాడన్నా. నువ్వే చెప్పావుగా ఖలాసని."

అన్న నేలమీది రేకు ట్రే దగ్గర కూర్చుని వెతికి, ఒక చిన్న క్లిప్పు తీసి అరచేతిలో పెట్టి నాకు చూపించాడు. చైను రెండు కొసలూ కలిపే జాయింటు ఊడకుండా పట్టేది ఆ క్లిప్పే. చింతగింజంత కూడా ఉండదు.

"చైను ఖలాసయిందన్నాను గదబ్బీ. లింకులు పట్టేసినాయి. కొత్తది వచ్చేదాకా పట్టా తిప్పి చూసేదానికి ఊరికే తగిలించినాను. క్లిప్పు పెట్టలే."

ఆ చైను వేగం మీద ఊడితే ఏమవుతుందో వేళ్లు అరువిచ్చిన నాకు బాగా తెలుసు. ముందు పళ్లచక్రానికి చుట్టుకుని పట్టాని ఒక్కసారిగా పట్టేస్తుంది, బండి మీద ఉన్నవాళ్లు ముందుకి ఎగిరిపడతారు. అలా కాకపోతే కొరడాలా కాలికి తగులుతుంది. బండి మీద ఉండేది అర్బాబ్. ట్యాంకు మీద ఆ పిల్ల.

అర్బాబ్ ఫోన్ కలవలేదు. డ్రైవరు ఫోన్ కూడా అంతే. అందుబాటులో లేరని ఆడగొంతు అరబ్బీలో చెప్పింది, తర్వాత ఇంగ్లీషులో చెప్పింది. అన్న పాడైన బండ్లని తెచ్చే రికవరీ ట్రక్కు తాళం తీసుకున్నాడు. నేను పక్కన ఎక్కాను. ఖాన్ భాయ్ గేటు దగ్గర నిలబడి ఏదో దువా చదువుతూ ఉన్నాడు.

రెండున్నర గంటల దారి. బిద్‌బిద్ దాటాక రోడ్డు పనులు, డైవర్షన్లు. అన్న వందలోపే తోలుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "తొందరగా పోనీ అన్నా!" అని అరిచాను.

"మనం బోల్తా పడితే వాళ్లకు చెప్పేవాడు ఎవడు?" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను మాత్రం జైలు, కోర్టు, మా ఆవిడ స్ట్రెచర్ తోసుకుంటూ రావడం, దాని మీద ఎవరున్నారో చూడ్డం, ఇవే చూస్తున్నాను. కాసేపటికి అన్న జేబు తడుముకుని ఆగాడు. ప్లగ్గు బయటికి తీశాడు.

"ఓరి నాయనా. ఇది నాకాడే ఉండాది!" అన్నాడు. "స్టార్టు కాదు లేబ్బీ. తోసుకోని కూర్చోనుంటారు." ఆయన మొహంలోకి రక్తం వచ్చింది. నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. సీసాలో నీళ్లు సగం సగం తాగాం.

ఇబ్రా దగ్గరపడుతుండగా నాకు గుర్తొచ్చింది. స్పేరు సామాను పెట్టెలో టేపు, బోల్టులు, ఒక కేబులు. ఇంకా ప్లగ్గులు. నేనే పెట్టాను. అర్బాబ్‌కి బండ్లు తెలుసు. ప్లగ్గు లేకపోతే మెకానిక్కు మర్చిపోయాడనుకుని నవ్వుకుని కొత్తది పెట్టుకుంటాడు. చెప్పాలి. నోరు రావడం లేదు. అన్న ఇప్పుడిప్పుడే తేలిగ్గా ఊపిరి పీలుస్తున్నాడు, చెపితే ఆ ఊపిరి నేనే తీసేసినట్టు. రెండు పెట్రోలు బంకులు దాటేదాకా చెప్పలేకపోయాను.

"అన్నా, పెట్టెలో ప్లగ్గులున్నాయన్నా."

"ఎన్ని పెట్టినావు?"

"రెండు."

"ఒగటి చాలు గదబ్బీ" అన్నాడు. అంతే అన్నాడు. చేతిలో ప్లగ్గు మళ్లీ జాగ్రత్తగా జేబులో వేసుకున్నాడు.

బిదియా చేరేసరికి పొద్దు వాలుతోంది. తారు రోడ్డు అయిపోయి ఇసుక మొదలైన చోట బండి ఆపి, దిగి, టైర్లలో గాలి తీయడం మొదలుపెట్టాడు. నాలుగు టైర్లూ. నాకు పిచ్చెక్కినట్టయింది. "ఇప్పుడా అన్నా!"

"గాలి తీయకపోతే ఇసుకలో దిగబడతాం. అప్పుడు నడిచి పోతావా?"

ఆయన మూడో టైరు దగ్గర ఉండగా ఇంజను చప్పుడు వినిపించింది. తిన్నె అవతల్నుంచి. మా బండే. ఎక్కుతోంది, దిగుతోంది, మళ్లీ ఎక్కుతోంది. అన్న తలెత్తకుండా నాలుగో టైరుకి వెళ్లాడు. గాలి బుస్సుమంటోంది. ఇంజను గొంతు పెద్దదైంది. పెద్దదైంది, ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఏ కేకా వినపడలేదు. ఏడుపూ వినపడలేదు. అన్న నా చొక్కా పట్టుకుని బండిలోకి విసిరినంత పని చేశాడు. తిన్నె ఎక్కాం. పైకి వచ్చేదాకా నేను కళ్లు తెరవలేదు.

కింద చాప పరిచి ఉంది. అర్బాబ్, ఆయన తమ్ముడు, డ్రైవరు వరసగా నిలబడి నమాజు చేస్తున్నారు. పొద్దుగూకే వేళ చేసే మగ్రిబ్ నమాజుకి టైమైందని అర్బాబ్ బండి ఆపాడన్నమాట. ఆడవాళ్లు కారు దగ్గర ఫ్లాస్కు తెరుస్తున్నారు. పిల్ల ట్యాంకు మీద కూర్చుని, రెండు హ్యాండిల్సూ పట్టుకుని నోటితో బుర్రుమని తోలుతోంది.

అన్న వాళ్ల దగ్గరికి వెళ్లలేదు. ముందు పిల్లని ఎత్తి నాకిచ్చాడు. ప్లగ్గు విప్పాడు, ఇంకా కాలుతోంది, ఊదుకుంటూ జేబులో వేసుకున్నాడు. రెండు ప్లగ్గులు. తర్వాత చైను దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. జాయింటు రేకు సగానికి పైగా బయటికి వచ్చి, అంచు మీద వేలాడుతోంది. మొండివేలితో ముట్టుకున్నాడు. చేతిలోకి రాలింది.

నమాజు ముగించి అర్బాబ్ నవ్వుతూ వచ్చాడు. మమ్మల్ని అక్కడ చూసి ఆశ్చర్యపోయాడు. "క్యా హువా, అన్నా?"

నా తప్పని చెప్పాలని నోరు తెరిచాను. అన్న నాకన్నా ముందే చెప్పాడు. "అర్బాబ్, గల్తీ మేరా. మేరా ఖలాస్ అలగ్, ఆప్‌కా ఖలాస్ అలగ్." తప్పు నాది. నా ఖలాస్ వేరు, మీ ఖలాస్ వేరు.

అర్బాబ్‌కి అర్థం కాలేదు, మళ్లీ నవ్వాడు. అప్పుడు అన్న అరచేయి చాచాడు. ఆ రేకు వంకా, వదులుగా వేలాడుతున్న చైను వంకా చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. నా చేతుల్లోంచి కూతుర్ని తీసుకుని చాపమీదికి వెళ్లి కూర్చున్నాడు. మమ్మల్ని పనిలోంచి తీసెయ్యలేదు, పోలీసు మాట ఎత్తలేదు. ఆ మంచు కిట్టు మాత్రం మర్నాడే షెడ్డు వెనక పడింది, మళ్లీ ఎవరూ ముట్టలేదు.

ఆ తర్వాత మా వర్క్‌షాపులో ఖలాస్ అని ఎవరన్నా సరే, అన్న పని ఆపి అడిగేవాడు. "ఏ ఖలాస్?" ఖాన్ భాయ్ దాన్ని ఆటగా పట్టుకున్నాడు. "కౌన్ సా ఖలాస్? ఒమాన్ వాలా, యా ఆప్‌కే ముల్క్ వాలా?" ఏ ఖలాస్, ఒమాన్‌దా, మీ దేశపుదా అని పొట్ట కదిలేలా నవ్వేవాడు. మా దేశపుది, ఒమాన్‌ది అని మేం కూడా జవాబులు చెప్పి నవ్వేవాళ్లం. చివరికి అర్బాబ్ కూడా ఫోన్‌లో అడగడం మొదలుపెట్టాడు. అన్న ఒక్కడే నవ్వేవాడు కాదు. జవాబు వచ్చేదాకా మొహంలోకి చూస్తూ నిలబడేవాడు.

నేను వచ్చేసేనాడు నా రెండు వేళ్లూ పట్టుకుని, "ఇవి ఈడనే పెట్టిపోరాదా" అన్నాడు. అంతకంటే ప్రేమగా నన్నెవరూ ఉండమనలేదు.

బుధవారం మధ్యాహ్నం రెండు దాటాక బిల్లు పుస్తకం తీశాను. ఫోన్ చేశాను. ఖాన్ భాయ్ ఎత్తాడు. వెనక గ్రైండరు చప్పుడు లేదు, వర్క్‌షాపులో పనివేళ అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నవ్వు తెచ్చిపెట్టుకుని అడిగాను. "కౌన్ సా ఖలాస్, భాయ్?"

ఆయన నవ్వలేదు. స్టాండు మీద ఒక బండి ఉందన్నాడు. పొద్దున్నుంచి ఎవరు కొట్టినా స్టార్టు కాలేదట. చూస్తే ప్లగ్గు లేదట. రూములో మేకుకి వేలాడుతున్న అన్న చొక్కా జేబులో దొరికిందట.

"ఆప్‌కే ముల్క్ వాలా, భాయ్" అన్నాడు.